పెళ్లితో కలిసిన చుట్టాలను ఏ వరుసతో పిలవాలి: మీ ఇంటి వరుసల పట్టికను మీరే రాసుకునే పద్ధతి

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో సంబంధం కుదిరిన ప్రతిసారీ అటు పెళ్లికూతురి నుంచీ ఇటు పెళ్లికొడుకు నుంచీ ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. మా వారి అక్కయ్య భర్తను బావగారు అనాలా, అన్నయ్యగారు అనాలా? నా భార్య మేనమామ నాకు ఏమవుతారు? మా వదిన తమ్ముణ్ణి నేను ఏమని పిలవాలి? మా తోటికోడలు నాకన్నా వయసులో చిన్నది, ఆమెను అక్కా అని పిలవాలా? ఉమ్మడి కుటుంబంలోనో, బంధువులంతా ఒకే వీధిలో ఉన్న ఊళ్లోనో పెరిగినవారికి ఇవి విడిగా నేర్చుకోవలసిన విషయాలు కావు. మార్తహళ్లిలోనో జయనగరంలోనో అపార్ట్‌మెంటులో పెరిగి, అంకుల్, ఆంటీ, కజిన్ అన్న మూడు మాటలతోనే సరిపెట్టుకుంటూ వచ్చినవారికి మాత్రం పెళ్లి రోజున కల్యాణమంటపంలో ఒక్కసారిగా వందమంది చుట్టాలు ఎదురైతే నోట మాట రాదు.

అందరి పిలుపులనూ కంఠతా పట్టవలసిన అవసరం లేదు. ఒక్క సూత్రం తెలిస్తే ఎంత దూరపు చుట్టానికైనా వరుస మీరే కట్టుకోవచ్చు. కాకపోతే దాన్ని కాగితం మీద పెట్టి సరిచూసుకోవాలి. ఆ పద్ధతిని కింద వివరిస్తున్నాను.

కావలసినవి

ఒక పెద్ద చార్టు కాగితం, పెన్సిలు, రబ్బరు. పెన్నుతో మొదలుపెట్టకండి, దిద్దుబాట్లు తప్పవు. రెండు వైపుల శుభలేఖలు ఉంటే దగ్గర పెట్టుకోండి, ఎందుకంటే ఆహ్వానించువారి పేర్ల కింద అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అల్లుళ్లు ఒక క్రమంలో ఉంటారు. నిశ్చితార్థం ఫోటోలు కూడా పనికివస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, చెరో వైపు నుంచి ఒక్కొక్క పెద్దమనిషి. మా అనుభవంలో ఈ పనికి తాతల కంటే అమ్మమ్మలు, నాయనమ్మలు ఎక్కువ ఉపయోగపడతారు. ఎవరు ఎవరికి పెద్ద, ఎవరు ఎవరి తర్వాత పుట్టారు అన్నది వారికి తేదీలతో నిమిత్తం లేకుండా గుర్తుంటుంది. వారు ఊళ్లో ఉంటే వీడియో కాల్‌లో కూర్చోబెట్టుకోండి.

1. మధ్యలో మీ పేరు రాయండి, ఒక్కరిదే

భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒకే పట్టిక రాయాలని చాలామంది ప్రయత్నిస్తారు. అది కుదరదు. ఒకే మనిషి ఆయనకు బావ అయితే ఆమెకు అన్న అవుతాడు. అందువల్ల రెండు కాగితాలు తీసుకుని, ఒకదాని మధ్యలో భర్త పేరు, రెండో దాని మధ్యలో భార్య పేరు రాయండి. ఈ వ్యాసం చదువుతున్నవారు తమ కాగితం మీదనే పని చేయాలి.

2. తరాలను గీతలుగా గీయండి

కాగితం మీద నాలుగు అడ్డగీతలు గీయండి. పైది తాతల తరం, దాని కింద తల్లిదండ్రుల తరం, ఆ కింద మీ తరం, చివరిది పిల్లల తరం. ప్రతి చుట్టాన్నీ ముందు సరైన గీత మీద కూర్చోబెట్టాలి. ఇక్కడ వయసును చూడకండి. మీ మామగారి ఆఖరి తమ్ముడు మీ భర్త ఈడువాడే కావచ్చు, అయినా ఆయన స్థానం పై గీత మీదనే. తరం తప్పితే ఆ తర్వాత కట్టే వరుసలన్నీ తప్పుతాయి.

3. మీ భార్య లేదా భర్త వారిని ఏమని పిలుస్తారో పెన్సిలుతో రాయండి

పెళ్లితో వచ్చిన ప్రతి చుట్టమూ మీ భార్య ద్వారానో భర్త ద్వారానో మీకు చేరుతుంది. కాబట్టి వారు వాడే వరుసను ముందు రాసుకోండి. అది పిలుపు కాదు, వరుస అని గుర్తుంచుకోండి. మీ భార్య తన పిన్నిని ముద్దుగా మరో పేరుతో పిలుస్తూ ఉండవచ్చు. మీకు కావలసింది ఆవిడ అమ్మకు చెల్లెలా, నాన్నకు చెల్లెలా అన్న సంగతి.

జాగ్రత్త: ‘కజిన్’ అని ఎక్కడా రాయకండి. పెదనాన్న కొడుకూ కజినే, మేనత్త కొడుకూ కజినే. మొదటివాడు అన్నదమ్ముడు, రెండోవాడు బావ. ఆ ఒక్క మాటతో మీకు కావలసిన సమాచారమంతా చెరిగిపోతుంది. ‘ఆంటీ’ సంగతీ ఇంతే.

4. వరుస దాటించండి

ఇది అసలైన మెట్టు. తెలుగు వరుసలలో తల్లిదండ్రుల తరంలోనూ మన తరంలోనూ మనుషులు రెండు పక్షాలుగా ఉంటారు. పై తరంలో తల్లిదండ్రుల వరుసవారు (పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్ని) ఒక పక్షం, అత్తమామల వరుసవారు రెండో పక్షం. మన తరంలో తోబుట్టువుల వరుసవారు ఒక పక్షం, బావ, వదిన, మరిది, మరదలు వరుసవారు రెండో పక్షం. మీ భార్య లేదా భర్త ఏ పక్షంలో ఉంటే మీరు సరిగ్గా అవతలి పక్షంలో ఉంటారు. కనుక ఈ రెండు తరాలలో మీ భార్య లేదా భర్త వాడే వరుస మీ దగ్గరికి వచ్చేసరికి పక్షం దాటుతుంది.

భార్యకు తల్లిదండ్రుల వరుస అయినవారు భర్తకు అత్తమామల వరుస. భార్యకు అత్తమామల వరుస అయినవారు భర్తకు తల్లిదండ్రుల వరుస. భార్యకు తోబుట్టువులు భర్తకు బావ, వదిన, బావమరిది, మరదలు. భార్యకు బావ, వదిన, మరిది, మరదలు అయినవారు భర్తకు అన్న, అక్క, తమ్ముడు, చెల్లెలు. భర్త వైపు చుట్టాలకు భార్య కట్టే వరుసా ఇదే పద్ధతిలో సాగుతుంది.

తాతల తరంలోనూ పిల్లల తరంలోనూ మాత్రం దాటింపు లేదు. భర్తకు తాత అయినవారు భార్యకూ తాతే, భర్త మేనల్లుడు భార్యకూ అల్లుడే, భార్య అక్క కొడుకు భర్తకూ కొడుకే.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ప్రశ్నలకు జవాబులు కడదాం. భర్త అక్కయ్య భర్త ఆయనకు బావ. మీ తరం కాబట్టి పక్షం దాటించాలి, కనుక మీకు అన్నయ్య. భార్య మేనమామ ఆమెకు మామ. పై తరం కాబట్టి దాటించాలి, కనుక మీకు పెదనాన్న లేదా బాబాయి. మీ నాన్నగారి కంటే పెద్దవారైతే మొదటిది, చిన్నవారైతే రెండోది. భర్త మేనత్త ఇదే లెక్కన మీకు పెద్దమ్మ లేదా పిన్ని. భర్తగారి పెదనాన్న, బాబాయి మీకు మామ వరుస (పెద్దమామగారు, చినమామగారు), వారి భార్యలు అత్త వరుస.

భార్య మేనమామను బాబాయిగారు అనడం కొత్తగా తోచినా వరుస ప్రకారం అదే సరైనది. అయితే చాలా ఇళ్లలో అత్తవారి వైపు పెద్దలందరినీ కలిపి మామయ్యగారు, అత్తయ్యగారు అనే అలవాటు స్థిరపడింది. ఆ పెద్దలు దానినే కోరుకుంటే అలాగే పిలవండి. పట్టికలో మాత్రం అసలు వరుసను రాసి, పక్కన వాడుకలోని పిలుపును రాసుకోండి.

5. పెద్ద, చిన్న అన్నది ఎవరితో పోల్చాలో చూసుకోండి

బావ, మరిది ఇద్దరూ భర్తకు సోదరులే. భర్త కంటే పెద్దవాడు బావ, చిన్నవాడు మరిది. ఇక్కడ పోలిక మీతో కాదు, మీ భర్తతో. ముప్పై ఏళ్ల భార్యకు ఇరవై ఎనిమిదేళ్ల భర్త ఉండి, ఆయన అన్నకు ఇరవై తొమ్మిదేళ్లు ఉంటే, తనకన్నా ఏడాది చిన్నవాడైన ఆ మనిషిని ఆమె బావగారనే పిలవాలి. అలాగే భార్య కంటే పెద్దదైన ఆమె అక్క మీకు వదిన, చిన్నదైన చెల్లెలు మరదలు.

తోటికోడళ్ల మధ్య కూడా ఇదే న్యాయం. పెద్దకొడుకు భార్య వయసులో ఎంత చిన్నదైనా రెండో కోడలికి అక్క వరుసే. ఈ ఒక్కచోట ఇబ్బంది నిజమైనదే. పాతికేళ్ల అమ్మాయిని ముప్పై ఏళ్ల అమ్మాయి అక్కా అని పిలవడానికి ఇద్దరికీ మొహమాటంగా ఉంటుంది. అటువంటప్పుడు పేరుకు ‘గారు’ చేర్చి ఇద్దరూ పిలుచుకోవడం మంచి మార్గం. పండుగ తాంబూలం, పెళ్లిలో హారతి వంటి సందర్భాలలో పెద్దకోడలి ముందువరుసను మాత్రం రెండో కోడలు మన్నించాలి. మాట తప్పినా మర్యాద తప్పకపోతే ఇంట్లో ఎవరూ నొచ్చుకోరు.

6. చెప్పుకునే మాట వేరు, పిలిచే మాట వేరు

పట్టికలో ప్రతి పేరుకూ రెండు గడులు పెట్టండి. ఒకటి ఇతరులకు పరిచయం చేసేటప్పుడు వాడే మాటకు, రెండోది ముఖాముఖి పిలుపుకు. ఈ రెండూ ఒకటే అనుకుని కొత్తకోడళ్లు పడే తడబాటు అంతా ఇంతా కాదు.

ఆడపడుచు అన్నది పరిచయానికి వాడే మాట. పిలిచేటప్పుడు భర్త అక్క అయితే వదినా అనీ, చెల్లెలు అయితే పేరుతోనూ పిలుస్తారు. తెలంగాణలో, రాయలసీమలో ఆడబిడ్డ అంటారు. తోటికోడలు అని ఎవరినీ ఎదురుగా పిలవరు, అక్క అనో పేరుతోనో పిలవాలి. ఈమెనే కొన్ని ప్రాంతాలలో యారాలు అంటారు. భార్య అక్కచెల్లెళ్ల భర్త తోడల్లుడు. తెలంగాణలో, సీమలో షడ్డకుడు, సడ్డకుడు అంటారు. పిలుపు మాత్రం అన్నయ్య లేదా పేరు. మరిదిని, మరదలిని, బావమరిదిని పేరుతోనే పిలుస్తారు. పెళ్లికూతురి అన్న, పెళ్లికొడుకు పరస్పరం బావగారు అనుకోవడం కోస్తా వైపు మామూలే, దానివల్ల వరుసకు భంగం లేదు.

వియ్యంకుడు, వియ్యపురాలు అన్నవి కూడా పరిచయపు మాటలే. వియ్యంకులిద్దరూ బావగారు అని, వియ్యపురాళ్లిద్దరూ వదినగారు అని పిలుచుకుంటారు. వియ్యపురాలు వియ్యంకుణ్ణి అన్నయ్యగారు అంటుంది, ఆయన ఆమెను చెల్లెమ్మ అనో అక్కయ్యగారు అనో అంటాడు. నాలుగో మెట్టులోని సూత్రంతో చూస్తే ఇది ఎందుకిలా ఉందో మీకే తెలుస్తుంది. వియ్యంకుడు బావ అయినప్పుడు ఆయన భార్య తోబుట్టువు కాక తప్పదు.

7. మీ రెండు ఇళ్ల మాటలను పక్కపక్కన రాయండి

బెంగళూరు పెళ్లిళ్లలో ఇది విడిగా చేయవలసిన పని. అమ్మాయి వాళ్లది విజయవాడ, అబ్బాయి వాళ్లది మదనపల్లె లేదా హిందూపురం, వధూవరులు పుట్టి పెరిగింది బెంగళూరు అన్నప్పుడు ఒకే చుట్టానికి రెండు మాటలు వస్తాయి. కోస్తాలో బాబాయి, పిన్ని అంటే సీమలో చిన్నాయన, చిన్నమ్మ. తెలంగాణలో బాబాయిని ‘కాక’ అనీ, ‘చిన్నాయన’ అనీ కూడా అంటారు. సీమలో అబ్బ అంటే తాత, జేజి అంటే నాయనమ్మ.

అన్నిటికంటే ఎక్కువ చిక్కు తెచ్చేది అవ్వ. రాయలసీమ ఇంట్లో అవ్వ అంటే అమ్మమ్మ లేదా నాయనమ్మ. తెలంగాణ పల్లెల్లో అవ్వ అంటే కన్నతల్లి. ఉత్తర కర్ణాటకలోనూ అవ్వ అంటే తల్లే. మూడు వైపుల చుట్టాలూ ఒకేచోట కూర్చున్నప్పుడు అవ్వను పిలవండి అంటే ఎవరు లేచి రావాలో తెలియదు. ఆ మాటకు ఎదురుగా మనిషి పేరు తప్పక రాసుకోండి.

‘గారు’ విషయం కూడా ముందే తేల్చుకోవాలి. కోస్తా ఇళ్లలో అత్తయ్యగారు, మామయ్యగారు, బావగారు అనకపోతే చిన్నబుచ్చుకుంటారు. సీమ ఇళ్లలో అత్తా, మామా, వదినా అని నేరుగా పిలుస్తూనే మీరు అని బహువచనంతో మాట్లాడతారు. ఆ పిలుపులో అగౌరవం లేదు, దగ్గరితనం ఉంది. కోస్తా అమ్మాయి సీమ అత్తగారిని ప్రతి మాటకూ అత్తయ్యగారండీ అంటే ఆవిడ తనను దూరం పెడుతున్నారనుకునే అవకాశం కూడా ఉంది. రెండు వైపుల పెద్దలనూ ముందే అడిగి తెలుసుకోవడం ఇందుకు మంచి పరిష్కారం. ఈ ప్రశ్నను ఎవరూ తప్పుగా తీసుకోరు, పైగా సంతోషిస్తారు.

సంబంధం కన్నడ కుటుంబంతో అయితే భయపడవలసింది లేదు. అమెరికా మానవశాస్త్రవేత్త లూయీ హెన్రీ మోర్గన్ 1871లో ప్రచురించిన బంధుత్వ పట్టికలలో తమిళం, తెలుగు, కన్నడ వరుసలు మూడూ ఉన్నాయి, వాటి కట్టుబాటు ఒకటే. మాటలు మారతాయి, పక్షాలు మారవు. కన్నడంలో అత్తె, మావ అంటే మన అత్త, మామ. భావ అంటే బావ. అన్న భార్యనూ, భర్త అక్కనూ అత్తిగె అంటారు, అంటే మన వదిన. భర్త తమ్ముడు మైదున, భార్య తమ్ముడు భామైద, భర్త చెల్లెలైన ఆడపడుచూ, భార్య చెల్లెలైన మరదలూ నాదిని. తోటికోడలు ఓరగిత్తి లేదా వారగిత్తి, తోడల్లుడు షడ్డక, వియ్యాలవారు బీగరు, కోడలు సొసె, అల్లుడు అళియ. పెదనాన్న దొడ్డప్ప, బాబాయి చిక్కప్ప, పెద్దమ్మ దొడ్డమ్మ, పిన్ని చిక్కమ్మ. మీ పట్టికలో మూడో గడి పెట్టి వీటిని రాసుకుంటే సరిపోతుంది.

8. సరిచూడండి

పట్టిక పూర్తయ్యాక మూడు పరీక్షలు చేయాలి. వీటిని వదిలేసినవారే తర్వాత పెళ్లిపందిట్లో ఇబ్బంది పడతారు.

మొదటిది తిరుగు పరీక్ష. మీరు ఒకరికి ఒక వరుస రాస్తే, వారు మిమ్మల్ని ఏ వరుసతో పిలవాలో వెంటనే రాయండి. అత్త, మామ అని రాస్తే అటునుంచి కోడలు, అల్లుడు రావాలి. బావ అని రాస్తే మగవారికి బావమరిది, ఆడవారికి మరదలు రావాలి. వదిన అని రాస్తే మగవారికి మరిది, ఆడవారికి మరదలు రావాలి. పెదనాన్న, పిన్ని అని రాస్తే కొడుకు, కూతురు రావాలి. ఆ జత కుదరకపోతే ఎక్కడో తప్పు ఉంది.

రెండోది రెండు దారుల పరీక్ష. ఒకే మనిషిని వేరే దారిలో చేరుకుని చూడండి. భర్త అక్కయ్య భర్తనే తీసుకోండి. మొదటి దారి: మా వారికి బావ, దాటిస్తే నాకు అన్నయ్య. రెండో దారి: ఆయన భార్య నాకు వదిన, వదిన భర్త అన్నయ్య. కలిసింది. మూడో దారి కూడా ఉంది: ఆయన పిల్లలు నన్ను అత్త అంటారు, మా అన్న పిల్లలు కూడా నన్ను అత్త అనే అంటారు. ఇలా ఏ దారిన వెళ్లినా ఒకే వరుస వచ్చి తీరాలి. పిల్లల మీదుగా వెళ్లే దారి అన్నిటికంటే నమ్మకమైనది, ఎందుకంటే పిల్లలు ఏమని పిలవాలో సాధారణంగా ఇంట్లో అందరికీ తెలిసి ఉంటుంది.

మూడోది పెద్దల పరీక్ష. పట్టికను అమ్మమ్మకో నాయనమ్మకో చదివి వినిపించండి. చూపించి ఊరుకోకండి, పైకి చదవండి. తప్పు వరుస చెవిన పడగానే వారు ఆపి దిద్దుతారు.

తరచుగా జరిగే తప్పులు

అన్నిటిలోకీ పెద్ద తప్పు, భార్య పిలిచే మాటను భర్తా, భర్త పిలిచే మాటను భార్యా యథాతథంగా వాడటం. మా ఆయన బావా అంటున్నారు కాబట్టి నేనూ బావగారు అంటాను అనుకుంటారు. పై తరంలో ఇది జరిగితే పెద్దలు నవ్వి ఊరుకోవచ్చు. మన తరంలో జరిగితే రెండు చోట్ల అనర్థం ఉంది.

మొదటిది మర్యాదకు సంబంధించినది. భార్య తమ్ముడి భార్యను మీ భార్య మరదలు అంటుంది. మీరు కూడా అదే మాట పట్టుకుంటే చాలా పొరపాటు. ఆమె మీకు చెల్లెలు. బావ మరదళ్ల మధ్య, వదిన మరుదుల మధ్య మన ఇళ్లలో పరాచికాలకు చోటుంది, అన్నాచెల్లెళ్ల మధ్య అటువంటి పరాచికాలు ఉండవు. తప్పు వరుస పట్టుకుని ఒక వేళాకోళపు మాట అన్నారంటే ఆ అమ్మాయికి గాని, ఆమె పుట్టింటివారికి గాని అది ఎంత బాధ కలిగిస్తుందో ఆలోచించండి. అలాగే భార్య అన్నగారి భార్య మీకు వదిన కాదు, అక్కయ్యగారు. భార్య అక్క భర్తను ఆమె బావా అంటుంది, మీరు అన్నయ్యా అనాలి.

రెండోది పిల్లలకు సంబంధించినది. భార్య మేనమామ కొడుకు ఆమెకు బావ, మీకు అన్నదమ్ముడు. మీరు పొరపాటున ఆయనను బావ అంటూ వస్తే మీ పిల్లలు ఆయనను మామయ్య అంటారు. అసలు పెదనాన్న లేదా బాబాయి అనాలి. అక్కడి నుంచి ఆయన పిల్లలు మీ పిల్లలకు బావ, మరదలు అయిపోతారు, నిజానికి వారు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మన కుటుంబాలలో పెళ్లి మాట వచ్చినప్పుడు మొదట చూసేది వరుసే కాబట్టి ఈ పొరపాటు ఒక తరంతో ఆగదు.

మరో తప్పు, తోబుట్టువు దగ్గర కూడా పక్షం మార్చడం. వదిన వరుసతో వచ్చినవారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ అదే పక్షంలో ఉంటారు. పక్షాన్ని దాటించేది పెళ్లి మాత్రమే. కాబట్టి మీ వదిన తమ్ముడు, మీరు మగవారైతే మీకు బావ వరుసే. వయసులో మీకన్నా పెద్దవాడైతే బావగారనే పిలవండి, చిన్నవాడైతే బావమరిదిగా పేరుతో పిలవండి. వదిన తమ్ముణ్ణి ఏమని పిలవాలన్న మొదటి ప్రశ్నలలోని సందేహానికి ఇదీ జవాబు.

పిల్లల తరంలో ఒక మెలిక ఉంది. మేనల్లుడి భార్యను కోడలు అనేస్తుంటారు. కొడుకు భార్య కోడలు, మేనల్లుడి భార్య కూతురు వరుస. మేనకోడలి భర్త కొడుకు వరుస. అయితే ఈ తరంవారిని ఎలాగూ పేరుతోనే పిలుస్తాం కనుక ఇక్కడ తప్పు జరిగినా పైకి తెలియదు.

ఒకే మనిషికి రెండు వరుసలు వచ్చినప్పుడు

అన్నదమ్ములిద్దరు అక్కచెల్లెళ్లిద్దరిని చేసుకున్నా, కుండమార్పిడి పెళ్లిళ్లు జరిగినా వరుసలు చక్కగా కలుస్తాయి. అన్న భార్యగా వదిన అయినావిడ భార్య అక్కగా కూడా వదినే. మేనత్త కొడుకును చేసుకున్నా అంతే, మేనత్తే అత్తగారవుతుంది.

చిక్కు వచ్చేది మేనమామను చేసుకున్నప్పుడు. 1955 నాటి హిందూ వివాహ చట్టం మేనమామ, మేనకోడలి పెళ్లిని నిషిద్ధ సంబంధాలలో చేర్చినా, ఇరుపక్షాల ఆచారం అనుమతించినచోట మినహాయింపు ఇచ్చింది. మన ప్రాంతాలలో అటువంటి పెళ్లిళ్లు ఉన్నాయి. అప్పుడు అమ్మమ్మ అత్తగారవుతుంది, కన్నతల్లి ఆడపడుచు అవుతుంది, పిన్ని కూడా ఆడపడుచే. ఇక్కడ పాటించవలసిన పద్ధతి: పుట్టుకతో వచ్చిన పిలుపును మార్చకూడదు. అమ్మమ్మను అమ్మమ్మ అనే పిలవాలి, అమ్మను అమ్మ అనే పిలవాలి. ఆడపడుచు లాంఛనం వంటి పెళ్లి తంతులకు మాత్రం పెళ్లితో వచ్చిన వరుస లెక్కకు వస్తుంది. పట్టికలో ఆ పేర్ల దగ్గర రెండు వరుసలూ రాసి, పిలుపు గడిలో పుట్టుకతో వచ్చిన మాటనే ఉంచండి. వీరి పిల్లలకు ఒకే ఆవిడ అమ్మమ్మా అవుతుంది, మేనత్తా అవుతుంది. అమ్మమ్మ అనే నేర్పండి.

దూరపు చుట్టరికంలో ముందే ఒక వరుస ఉండి, పెళ్లితో మరొకటి వస్తే, సాధారణంగా దగ్గరి దారిదే నిలబెడతారు. ఇద్దరు మనుషుల మీదుగా వచ్చే వరుస నలుగురి మీదుగా వచ్చే వరుస కంటే దగ్గరిది. రెండూ సమానంగా ఉంటే పెద్దలు ఏది చెబితే అది. ఆ నిర్ణయాన్ని పట్టికలో తేదీ వేసి రాసుకోండి, ఏడాది తర్వాత మరో పెళ్లిలో అదే ప్రశ్న మళ్లీ వస్తుంది.

9. ఫోనులోకి ఎక్కించండి

పట్టిక ఖాయమయ్యాక ఫోనులోని పేర్లను దానికి తగ్గట్టు మార్చుకోండి. ‘మార్తహళ్లి ఆంటీ’ అన్నచోట ఆవిడ పేరు, పక్కన పినత్తగారు అని తెలుగులో రాయండి. అబ్బాయి వైపు, అమ్మాయి వైపు అన్న గుర్తు కూడా చేర్చండి. పిల్లలు ఉన్నవారు తమ కోసం రాసినదాని కింద పిల్లలు పిలవవలసిన మాటను కూడా రాసుకుంటే మంచిది. తల్లి తన తమ్ముణ్ణి పేరుతో పిలుస్తుంటే పిల్లవాడూ పేరుతోనే పిలవడం మొదలుపెడతాడు. పిల్లల ఎదుట ఆమె కూడా కొన్నాళ్లు మామయ్య అనే వ్యవహరిస్తే వాడికి ఆ మాట నిలబడుతుంది.

కొత్త పెళ్లి, కొత్త పురుడు జరిగినప్పుడల్లా పెన్సిలుతో కొత్త పేరు చేర్చి, తిరుగు పరీక్ష ఒక్కటైనా చేసి, ఆ తర్వాతే ఫోనులో ఎక్కించండి.